భద్రాద్రి సీమలో ఇల్లు మారుట

మన తాతల నాటి ఇండ్లలో అన్నిటికంటె బరువైన వస్తువు రోలు. ఇల్లు కట్టి నేల చదును చేయునాడే దానిని ఒక మూల, అంచు మాత్రము పైకి కనబడునట్లు, పాతిపెట్టుచుండిరి. ఇల్లు అమ్ముకొన్నను, అన్నదమ్ములు పంచుకొన్నను, కరవు వచ్చి ఊరు విడిచినను రోలు ఆ మూలనే యుండెడిది. రోకలి యజమాని వెంట పోవును, రోలు పోదు. కొత్త ఊరు చేరిన పిమ్మట మరియొక రాయి తొలిపించుకొనవలసినదే. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకొన్నదని సామెత యున్నది గాని, ఆ సామెతలో తప్ప అది ఎక్కడికిని కదలినట్లు మేము వినలేదు.

తిరగలి సంగతి కొంచెము వేరు. ఖమ్మము వైపు పల్లెలలో దానిని విసుర్రాయి అందురు. అది రెండు బిళ్లలుగా విడివడును గనుక బండి యెక్కెడిది. కాని పైబిళ్లయు క్రిందిబిళ్లయు ఏండ్ల తరబడి ఒకదానితో నొకటి రాచుకొని పొత్తు కుదిరినవి. దారిలో ఒకటి పగిలిన యెడల రెండవది యున్నను దండుగయే. బండి కుదుపులకు పగిలిన తిరగలి బిళ్లలను మెట్లుగా వేసికొన్న యిండ్లు నేటికిని పల్లెలలో అచ్చటచ్చట కనబడును.

ఇది చిన్న సంగతి వలె తోచవచ్చును. అయినను ఖమ్మము అడవులకును భద్రాచలమునకును నడుమనున్న సీమలో ఇంటి బరువులు ఎట్లు కదలినవో, ఎచ్చట చిక్కుకొన్నవో విచారించినచో ఆ ప్రాంతపు దారుల కథయు, దొరతనముల కథయు, గోదావరి కథయు ఒక్కచోటనే దొరకును. శాసనములు దానములను గూర్చి చెప్పును గాని సామాను మోసినవాని సంగతి చెప్పవు.

అడవిలోని వారికి మొదట ఈ చిక్కు లేకుండెను. పాపికొండల కిరుప్రక్కల కొండరెడ్లు పోడు వ్యవసాయము చేయుచు, ఒకచోట నేల సారము తగ్గగానే మరియొక చోటికి తరలిపోవుచుండిరి. ఆస్ట్రియా దేశమున పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వీరి నడుమ నివసించి వ్రాసిన 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అను గ్రంథము 1945లో వెలువడినది. వెదురుతో అల్లి గడ్డితో కప్పిన యిల్లు. కుండలు, సొరకాయ బుర్రలు, బుట్టలు, గొడ్డలి, విల్లు: నెత్తిన, భుజమున పట్టినంతయే సంసారము. ఇంటినే విడిచి పోగలవానికి ఇంటిలోని వస్తువు బరువగునా? నాగరకత యనగా వస్తువుల లెక్క పెరుగుట యని తలచువారు ఈ మాటను ఒకసారి ఆలోచింపవలయును.

బరువైన గృహోపకరణములు ఈ సీమకు వచ్చినది పైనుండి వచ్చిన వారితోనే. 1860లో గోదావరి యెడమ గట్టున నున్న భద్రాచలము, రేకపల్లి ప్రాంతములను నైజాము ప్రభువు ఆంగ్లేయుల కిచ్చెను. అవి మొదట మధ్యపరగణాలలో చేరి, 1874లో మదరాసు రాజధానికి మారినవి. ఆ కాలముననే గోదావరిని మధ్యదేశము వరకు పడవల దారిగా చేయవలెనను ప్రయత్నము సాగినది. ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొర దానికి ప్రోత్సాహకుడు. కెప్టెన్ హేగ్ పనులు నడిపెను. దుమ్ముగూడెము వద్ద, ఇచ్చంపల్లి వద్ద, దేవలమర్రి వద్ద నదీగర్భమున రాతిబండల అడ్డంకులు మూడు కలవు. అడ్డంకి వచ్చినచోట సరకు దించవలయును, గట్టున మోయవలయును, పైన మరల నెక్కింపవలయును. మూడుమార్లు ఎక్కించి మూడుమార్లు దించిన సరకు ఏమగునో ఇల్లు మారిన వారెవ్వరైనను చెప్పగలరు. ఆ బాధ తప్పించుటకే దుమ్ముగూడెము వద్ద ఆనకట్టయు, ప్రక్క కాలువయు, పడవలను మెట్టుమెట్టుగా ఎక్కించు లాకులును నిర్మించిరి. అడవి జ్వరములు పనివారిని పట్టి పీడించినవి. ఇంతలో 1867లో నాగపురమునకు రైలు వచ్చినది. పత్తి మూటలకు మరియొక దారి దొరకగానే నదీమార్గముపై దొరలకు మోజు తగ్గి, 1871లో పనులు నిలిచిపోయినవి. దుమ్ముగూడెము ఆనకట్ట మాత్రము నేటికిని నిలిచి యున్నది.

పనులు నిలిచినను కచేరీలు నిలువలేదు. తహసీలుదారులు, అడవి శాఖవారు, పోలీసులు, వారి వెంట వర్తకులు వచ్చిరి. వారితో ఇనుపపెట్టెలు, బీరువాలు, బల్లలు, పందిరిమంచములు వచ్చినవి. రాజమహేంద్రవరము నుండి పాపికొండల నడుమగా ఎదురు ప్రవాహమున పడవలపైనే అవి రావలెను. అడవిలోని టేకుదుంగలును వెదురును తెప్పలుగా కట్టబడి క్రిందికి పోవుచుండగా, ఆ టేకుతోనే చేసిన బీరువాలు పడవలలో పైకి వచ్చుట చూడ ముచ్చటయైన విషయము.

ఇక గోదావరి దాటుట. నేడు భద్రాచలము నుండి సారపాకకు వంతెన మీదుగా నిమిషములలో పోవువారికి, ఆ యేరు ఒకప్పుడు రెండు రాజ్యముల పొలిమేర యని స్ఫురింపదు. కుడిగట్టున బూర్గంపహాడు, పాల్వంచ వైపు నైజాము రాజ్యము. ఎడమగట్టున భద్రాచలము ఆంగ్లేయులది. నైజామునకు సొంత సుంకముల శాఖ యుండెను. దానిని కరోడ్‌గిరి యనుచుండిరి. సొంత నాణెమును ఉండెను. అది హాలీ సిక్కా. ఆంగ్లేయుల రూపాయిని కల్దారు అనుచుండిరి. ఇంచుమించు 7 హాలీ రూపాయలు 6 కల్దార్లకు సమానము. కాబట్టి ఖమ్మము వైపునుండి భద్రాచలమునకు కాపురము మార్చువాడు ఏరు దాటుటతోనే మారకపు లెక్క వేసికొనవలయును. వాడుక సామానునకును అమ్మకపు సరకునకును భేదము చూపవలసిన భారము ఏ సుంకపు ఠాణాలోనైనను సామాను గలవానిదే గదా! కొత్తగా కొన్న యినుపపెట్టెను 'ఇది మా తాతది' యని నమ్మించుట యెంత కష్టమో ఊహింపవచ్చును. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసిన తరువాత ఆ పొలిమేర క్రమముగా చెరిగినది. 1953లో ఖమ్మము జిల్లా యేర్పడినది. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరి నుండి విడివడి ఆ జిల్లాలో చేరినవి. రెండు గట్లును ఒక్క కలెక్టరు క్రిందికి వచ్చినవి. ఏరు మాత్రము నడుమనే యున్నది.

రైలు వచ్చినది గదా, దానితో బాధ తీరలేదా యని అడుగవచ్చును. సింగరేణి బొగ్గు కొరకు వేసిన రైలుదారి యెల్లందు దాకా, అటుపిమ్మట కొత్తగూడెము దాకా వచ్చినది. కొత్తగూడెము స్టేషనుకు పెట్టిన పేరు 'భద్రాచలం రోడ్'. ఈ 'రోడ్' అను చిన్నమాట యెందరిని మోసపుచ్చినదో లెక్క లేదు. పేరును నమ్మి సామాను బుక్ చేసినవారు బండి దిగి చూచునప్పటికి గోపురము కనబడదు, గోదావరి కనబడదు. భద్రాచలము అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు, నడుమ అడవి. అడవిదారిని ఎడ్లబండి, తరువాతి కాలమున లారీ. ఆపైన రేవు.

రేవులో జరిగిన పాట్లే వేరు. వేసవిలో నీరు ఒకవైపునకు తగ్గి, మిగిలినదంతయు ఇసుకతిన్నెగా నుండును. బరువు బండి ఇసుకలో దిగినచో చక్రము ఇరుసు దాకా కూరుకొనును. తాటాకులు, కంప పరచి, రెండవ జత యెడ్లను కట్టి లాగింతురు. నీరున్న పాయను దాటుటకు పంటు ఉండును. రెండు పడవలను ప్రక్కప్రక్కన నిలిపి, పైన దూలములు వేసి, బల్లలు కొట్టినదే పంటు. బండి బండిగానే దానిపై నెక్కును. వర్షకాలమున ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు బరువు దాటించు ధైర్యము సరంగులకు సహితము ఉండదు. అందుచేత బదిలీ ఉత్తరువు ఆషాఢమున వచ్చిన ఉద్యోగి తాను దాటి, సామాను మాత్రము కార్తికము దాకా అవతలి గట్టుననే విడిచి, అరువు చాపమీద కాపురము చేయవలసి వచ్చెడిది.

అన్నిటికంటె అపాయకరమైనది దాటుట కాదు, దించుట. పడవ అంచునుండి గట్టునకు బల్ల వేసి, దానిమీదుగా బరువును జరుపుదురు. గట్టువైపునకు బరువును త్రోసిన కొలది పడవ వెనుకకు జరుగును. ముందునకును వెనుకకును రెండు మోకులతో బిగించి కట్టనిచో బల్ల కొన జారును; బీరువా గట్టునకు చేరదు, పడవలో నుండదు. చెక్కబీరువా యైనచో కొంచెము తేలి దొరకును గాని, నీరు త్రాగి ఉబ్బిన తలుపులు నెలల దాకా మూసుకొనవు. ఇనుపపెట్టె యైనచో నేరుగా అడుగునకే. దానికి మోకులు కట్టి యెడ్లచేత లాగించిన పిమ్మట తాళము తుప్పుపట్టి తెరువరాదు; తెరచినచో లోపలి పత్రములు ముద్ద. సొత్తు భద్రముగా నుండవలెనని కొన్న పెట్టెయే సొత్తును ముంచుట యిదియే. బరువు పడవ నడుమ, అడుగున నుండవలెననునది సరంగుల నియమము. ఇనుపపెట్టె గలవాడు మాత్రము దానిపైననే కూర్చుండి ప్రయాణము చేయగోరును. అంచున గాలి బాగుండును గనుక పెట్టెను సైతము అంచునకే జరుపుమనును. పడవవారికి ఇట్టి పెద్దమనుష్యులతో ఎన్ని వాదములు జరిగినవో!

1965లో భద్రాచలము వంతెన పూర్తియైనది. రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు దానిని ప్రారంభించిరి. నాటితో పంటుకు పని తగ్గినది, లారీలు నేరుగా వీధులలోనికి వచ్చినవి. ఇంటి వస్తువులును ఆ కాలముననే మారజొచ్చినవి. గోద్రెజ్ సంస్థ మన దేశమున తొలి ఫ్రిజ్జును 1958లో తయారుచేసినది. అదే దశకమున కోయంబత్తూరులో కరెంటుతో తిరుగు రుబ్బురోలు, అనగా గ్రైండరు, వెలసినది. ఇవి అడవి పల్లెలకు చేరుటకు ఇంకను చాలకాలము పట్టినది. మోతుగూడెము వద్ద దిగువ సీలేరు జలవిద్యుత్కేంద్రము 1976లో పనిచేయ నారంభించినది. దాని శక్తి 460 మెగావాట్లు. అయినను ఆ తీగెలు ఏ గూడెముల మీదుగా పోయినవో ఆ గూడెములకు దీపము ముందుగా రాలేదు. కరెంటు రానిచోట ఫ్రిజ్జు బట్టల బీరువాగా నుపయోగపడును. వరకట్నములో వచ్చిన ఫ్రిజ్జులు కొన్ని పల్లెలలో అట్లే యుండుట మేము చూచితిమి.

గ్రైండరు వచ్చుటతో రోలునకు తొలిసారిగా కాళ్లు వచ్చినవనవచ్చును. కాని పాత గుణము పోలేదు. గ్రైండరును మోయువారు పైమూత తీసి రాళ్లను వేరుచేయనిచో, మెట్లమీద వంచినప్పుడు లోపలి పొత్రము దొర్లి క్రిందనున్న వాని పాదముపై పడును. విప్పుటకు సోమరితనము; విప్పకపోవుటకు ఫలము బొటనవ్రేలు.

ఫ్రిజ్జు సంగతి మా అనుభవములోనిదే. మేము భద్రాచలములో ఒక మేడ మీది వాటాలోనికి మారినప్పుడు సామాను తెచ్చిన లారీవారు, మేము వలదన్నను, చోటు చాలదని ఫ్రిజ్జును వెల్లకిల పండుకొనబెట్టిరి. పాల్వంచ దాటిన పిమ్మట అడవిదారి గోతులు దానికి తోడైనవి. మెట్లు సగములో మలుపు తిరుగును. మలుపులో ఫ్రిజ్జు పైకి పోదు, క్రిందికి రాదు. గడియసేపు మోకులతో వ్రేలాడిన తరువాత పిట్టగోడ తొలగించి బయటినుండి పైకి లాగవలసి వచ్చినది. పైకి చేరగానే, చెడలేదని చూపుటకై, మోసినవారిలో నొకడు ప్లగ్గు పెట్టెను. అది ఒక్క మూల్గు మూల్గి ఊరకున్నది. ఫ్రిజ్జు అడుగున కంప్రెసరు అను యంత్రము కలదు. దానిలో నూనె యుండును. పండుకొనబెట్టినప్పుడు ఆ నూనె గొట్టములలోనికి పోవును. నిలువబెట్టి కొన్ని గంటలు కదల్పక విడిచినచో తిరిగి దిగును. దారిలో పండుకొన్న మనుష్యుడు లేచి తేరుకొనుటకు సమయ మిత్తుము, యంత్రమునకు ఇయ్యము.

వంతెన వచ్చినంత మాత్రమున గోదావరి తన హక్కు వదలుకొనలేదు. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు లేచినది. 1990లో 70.8. తరువాత కరకట్ట కట్టిరి. 2022 జూలైలో మరల 71.3 అడుగులు వచ్చి వంతెన మీద రాకపోకలు నిలిపివేసిరి. ఈ అంకెలు అక్కడి గృహిణులకు పంచాంగమువలె కంఠస్థములు. ఏ అంకెకు బియ్యము అటుకెక్కవలెనో, ఏ అంకెకు మంచముపై బల్ల, బల్లపై ఫ్రిజ్జు ఎక్కవలెనో వారికి తెలియును. కూనవరము వద్ద శబరి గోదావరిలో కలియును. పెద్దయేరు పొంగినప్పుడు శబరినీరు ముందుకు పోలేక వెనుకకు తన్ని చింతూరు దాకా పోవును. అక్కడివారికి ఎదుటినుండి కాక వెనుకనుండియే వరద వచ్చును; సామాను ఎటు మోయవలెనో నిశ్చయించుటకే సగము ప్రొద్దు పోవును.

వరదలో ఫ్రిజ్జు చేయు పని విచిత్రమైనది. దాని గోడల నడుమ నురుగువంటి తేలికపదార్థము నింపబడి యుండును. తలుపు బిగువుగా నుండుటచే లోపల గాలి నిలుచును. నాలుగు మనుష్యులు మోయలేని ఆ వస్తువు నీరు రాగానే తేలి, గదిలో తిరిగి, గోడలను కొట్టుకొని, నీరు తీసిన తరువాత తలక్రిందుగా ఎచ్చటనో నిలుచును. టీవీ, మంచము, బియ్యపు డబ్బా అన్నియు చోటు మారును. మోకాటిలోతు ఒండ్రు ఎత్తివేసి చూచినప్పుడు పెట్టినచోటనే యుండునది రోలు ఒక్కటే.

ఇప్పుడు ఆ రోలే కదలవలసి వచ్చినది. పోలవరము జలాశయపు పూర్తి నీటిమట్టము 150 అడుగులు. దాని క్రింద ముంపునకు గురియగు కుటుంబములు లక్షకు పైబడినవి. వారిలో కోయలు, కొండరెడ్లు అనేకులు. 2014లో ఖమ్మము జిల్లానుండి చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములును, పట్టణము తప్ప భద్రాచలము మండలమును, బూర్గంపహాడులో కొంత భాగమును ఆంధ్రప్రదేశమున చేర్చిరి. ఏటి గట్టున మరల ఒక పొలిమేర వచ్చినది. కుక్కునూరు, వేలేరుపాడు ప్రాంతముల వారికి జంగారెడ్డిగూడెము దగ్గర తాడువాయి మొదలగుచోట్ల కాలనీలు కట్టిరి. 2013 నాటి భూసేకరణ చట్టము రెండవ షెడ్యూలులో నిర్వాసిత కుటుంబమునకు రవాణా ఖర్చుగా ఒకేసారి 50,000 రూపాయలు ఇయ్యవలెనని యున్నది. ఆ మొత్తము కుటుంబమును, ఇంటి నిర్మాణ సామగ్రిని, వస్తువులను, పశువులను తరలించుటకు.

ఆ వరుస చదివినప్పుడు మాకు సందేహము కలిగినది. రోలు ఏ లెక్కలోనిది? నేలలో పాతినది గనుక ఇంటిలో భాగమా, ఎత్తుకొని పోవు వస్తువా? నష్టపరిహారము లెక్క వేయువారు గోడలు కొలుతురు, చెట్లు లెక్కింతురు. రోలును పెకలించి తెచ్చుకొన్నచో ఖర్చు. విడిచినచో దానికి వెల లేదు. టేకు ద్వారబంధములు, తలుపులు, పెంకులు విప్పి తెచ్చుకొనుట ఎల్లరును చేయునదే. వాటిని కొత్తయింట పెట్టుకొనవచ్చును, అమ్మవచ్చును. రోలు అమ్ముడు పోదు. దంచుటకు మిక్సీ యున్నది. కాని అత్తగారు కాపురమునకు వచ్చిననాడు పసుపు దంచిన రోలు అది; ఏటికి విడిచి పోదమని పెద్దలతో చెప్పగల కోడలు ఏ యింట నున్నది?

పైగా ఈ తరలింపు ఒక్కసారి జరుగునది కాదు. 2022 వరదలలో ముంపు గ్రామములవారు గుట్టలెక్కి టార్పాలిన్ గుడారములలో నుండిరి. ఎక్కించినది దించి, దించినది ఎక్కించి, చివరకు కాలనీకి పోవునప్పటికి ఫ్రిజ్జు తలుపు ఊడి, బీరువా అద్దము పగిలి, మోయుటకు మిగిలినది తక్కువ. పోడు నాటి కొండరెడ్డికి ఊరు మారుట జీవనవిధానము. అతడు ఎప్పుడు పోవలెనో నేల చెప్పెడిది. అతని మనుమనికి కాగితము చెప్పుచున్నది. ఆ మనుమనికి ఇప్పుడు బీరువా యున్నది, గ్రైండరున్నది, పట్టుకొని పోవుటకు అడవి మాత్రము లేదు.

ఒక కాలనీలో ట్రాక్టరునుండి సామాను దించుట మేము చాలసేపు చూచితిమి. తొట్టెలో బరువు సమముగా నుండవలెనని రోలును అన్నిటికంటె ముందు, ఇరుసుమీదికి వచ్చునట్లు ఎక్కించిరట. అందుచేత అది అన్నిటికంటె చివర దిగినది. నలుగురు గడకర్రలు వేసి దొర్లించి వాకిటిదాకా తెచ్చిరి. లోపల నేలయంతయు సిమెంటు గచ్చు. పాతవలెనన్న గచ్చు పగులగొట్టవలయును. ఇల్లు ఇంకను పూర్తిగా తమ పేర వ్రాయలేదట, పగులగొట్టవచ్చునో లేదో అడుగవలెనట. అప్పటికి గోడ ప్రక్కన ఒరిగియుండుటకు ఒక ఇటుక అడ్డము పెట్టి, వారు మిగిలిన సామాను సర్దుటకు లోనికి పోయిరి.